ఆ లెక్క నీకెవరిచ్చారు: స్టువర్ట్ సిమింగ్టన్ కేసు

ఖాయిలా పడ్డ యూనిట్లు చూసే పని నాది, పాతికేళ్ళు దాటింది. బ్యాంకు వాళ్ళు పిలుస్తారు, లేకపోతే ఓనరు గారబ్బాయి పిలుస్తాడు, వెళ్ళి చూస్తే అప్పటికే సగం మెషిన్లు ఆగిపోయుంటాయి, గేటు బయట యూనియన్ జెండా, గేటు లోపల ముఖాలు వేలాడేసుకున్న సూపర్‌వైజర్లు. నా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారం బ్యాలెన్స్ షీట్ ముట్టుకోనివ్వను, ఒక మనిషి ఫైలు ఇచ్చి చదవమంటా. ఆ మనిషి అమెరికా వాడు, పేరు స్టువర్ట్ సిమింగ్టన్. పదిహేడేళ్ళకి సిపాయి, ఆ తర్వాత కంపెనీలు నిలబెట్టిన వ్యాపారి, ఆ తర్వాత మిస్సోరి రాష్ట్రం నుంచి 24 ఏళ్ళు సెనేటరు. పిల్లలు చదివొచ్చి "సార్, గొప్పోడు సార్" అంటారు, సగమే చదివారన్నమాట. మిగతా సగం కూడా చదివితే ఆ మాట అంత తేలిగ్గా రాదు.

ఫైలు 1937తో మొదలెడతా, ఆయన పుట్టుకతో కాదు. సెయింట్ లూయిస్‌లో ఎమర్సన్ ఎలక్ట్రిక్ అని ఒక కంపెనీ, 1890లో పెట్టింది, ఫ్యాన్లూ చిన్న మోటార్లూ చేసేది. అమెరికాలో కరెంటు ఫ్యాను అమ్మకానికి పెట్టిన మొదటి కంపెనీ ఇదే, 1892లో. 1930ల మాంద్యం వచ్చేసరికి ఫ్యాన్లు కొనేవాడు లేడు, కూలీ తెగ్గోశారు, పని మాత్రం పెంచారు, దాంతో 1937 మార్చిలో వర్కర్లు పని ఆపేసి ప్లాంటు లోపలే కూర్చున్నారు. ఒకరోజు రెండ్రోజులు కాదు, 53 రోజులు. అంతకు కొద్ది వారాల ముందే మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో జనరల్ మోటార్స్ కార్మికులు ఇలాగే లోపల కూర్చుని గెలిచారు, ఆ ఊపు దేశమంతా ఉంది. ఎమర్సన్ చివరికి యూనియన్‌ని ఒప్పుకుంది, కానీ ఒప్పుకోవడం వేరు కలిసి పని చేయడం వేరు కదా. సంతకం పెట్టిన చేత్తోనే మేనేజ్‌మెంటు పళ్ళు నూరుతోంది, యూనియన్ వాళ్ళేమో ప్రతి సూపర్‌వైజరునీ గూఢచారి లాగే చూస్తున్నారు.

అలాంటి చోటికి 1938లో ప్రెసిడెంటుగా వచ్చాడు సిమింగ్టన్, నలభై కూడా నిండలేదు. అవతల యూనియన్ తరఫున విలియం సెంట్నర్ అని, కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు, దాచుకునే రకం కూడా కాదు. ఇంకొకడైతే వచ్చీ రాగానే సెంట్నర్‌ని బయటికి నెట్టేవాడేమో. ఈయన సెంట్నర్‌ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు. మాటల్తో ఆగలేదు, లాభాల్లో వర్కర్లకి వాటా ఇచ్చే స్కీము తెచ్చాడు. ఇక్కడే పిల్లల్ని ఆపి అడుగుతా, లాభంలో వాటా ఇస్తానంటే ముందు ఏం చేయాలి అని. బోనస్ పెంచాలి సార్, నమ్మకం కలిగించాలి సార్ అని ఏవేవో చెప్తారు. అసలు సంగతి అంతకన్నా చిన్నది, లాభం ఎంతో అవతలివాడికి తెలియాలి. వాటా అన్నాక వాడు లెక్క అడుగుతాడు, అడిగే హక్కు వాడికొచ్చేసింది, ఇక నీ పుస్తకం నువ్వొక్కడివే చదువుకుంటానంటే కుదరదు. ఆ ఒక్క స్కీముతో నష్టమెంత, సరుకు ఎంత పాడవుతోంది, ఆర్డర్లు ఎక్కడ పోతున్నాయి అన్నది షాప్ ఫ్లోర్ గొడవ కూడా అయిపోయింది. మనవైపు ఇదే మాట చెప్తే ఓనర్లు నవ్వుతారు, "సార్, వాళ్ళకి లెక్కలు చూపిస్తే మా ఇల్లు అమ్ముకోవాలి" అంటారు. ఒకాయన అలాగే దాచీ దాచీ చివరికి నిజంగానే ఇల్లు అమ్ముకున్నాడు, అది వేరే ఫైలు.

సెంట్నర్‌తో కూర్చుని మాట్లాడాడన్న మాట తర్వాతెప్పుడో రాజకీయాల్లో ఆయన మీదకే తిరిగొచ్చింది, ప్రత్యర్థులు బాగానే వాడుకున్నారు.

ఆయనకి ఈ తీరు ఎలా అబ్బిందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కెళ్ళాలి. 1901 జూన్‌లో మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్‌లో పుట్టాడు, పెరిగింది బాల్టిమోర్‌లో. 1918లో హైస్కూలు అవగానే సైన్యంలో మామూలు సోల్జరుగా చేరాడు, ట్రైనింగ్ అయ్యి సెకండ్ లెఫ్టినెంట్ అయ్యేసరికి మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయింది. అంటే సిపాయే గానీ తూటా చూడని సిపాయి. తర్వాత యేల్ యూనివర్సిటీలో చదువు, అక్కడి నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్‌లో వాళ్ళ బాబాయిల ఫౌండ్రీ. అక్కడ కుర్చీలో కూర్చోలేదు, మౌల్డర్‌గా మొదలెట్టాడు, ఇసుక అచ్చుల్లో ఇనుము పోసే పని. ఫౌండ్రీలో ఒక వేసవి నిలబడ్డవాడికి తెలుస్తుంది అదేంటో, నేను నిలబడ్డా కాబట్టి చెప్తున్నా, సాయంత్రానికి ముక్కులోంచి నల్లగా వస్తుంది. ఆ పైన వరసగా కంపెనీలు పట్టాడు. మౌల్డింగ్‌కి వాడే బంకమట్టి కంపెనీ ఒకటి, 1930లో కలోనియల్ రేడియో, 1935లో బాల్టిమోర్‌లో రస్ట్‌లెస్ ఐరన్ అండ్ స్టీల్. బాగుచేయడం, ఒక మంచి కొనుగోలుదారుణ్ణి చూసి ఇచ్చేయడం, ఇంకో చోటికి పోవడం.

ఇలా చెప్తే కింది నుంచి వచ్చిన మనిషి అనుకుంటారు, అదీ పూర్తి నిజం కాదు. 1924లో పెళ్ళి చేసుకున్న ఎవిలిన్ తండ్రి అప్పటికి న్యూయార్క్ సెనేటరు, తల్లి తరఫు తాత జాన్ హే, లింకన్ దగ్గర సెక్రటరీగా చేసి తర్వాత విదేశాంగ మంత్రి అయిన ఆయన. అంత ఇంటి పిల్ల న్యూయార్క్ నైట్ క్లబ్బులో పాటలు పాడేది, పేరు కూడా బాగానే వచ్చింది, 1930ల్లో ఆ వర్గంలో అది ఎంత గొడవయ్యుంటుందో ఊహించుకోండి. నా ఉద్దేశంలో ఆ ఇంట్లో ధైర్యం ఎక్కువున్నది ఆవిడకే.

సరే యుద్ధానికి వద్దాం. 1941లో విమానాల్లో పెట్టే తుపాకీ టరెట్ల సంగతి చూసి రమ్మని ఆయన్ని ఇంగ్లండు పంపింది అమెరికా ప్రభుత్వం. టరెట్ అంటే బాంబర్ ముక్కు దగ్గరో తోక దగ్గరో ఉండే గుండ్రటి అరలాంటిది, లోపల గన్నర్ కూర్చుంటాడు, మోటారు దాన్ని తుపాకీతో సహా తిప్పుతుంది. మోటారు తిప్పుతుంది అన్నాక ఫ్యాన్ కంపెనీకి పని దొరికినట్టే కదా. ప్రభుత్వం సెయింట్ లూయిస్‌లో పెద్ద ప్లాంటు కట్టించింది, ఎమర్సన్ నడిపింది, బి-24 బాంబర్ల ముక్కు టరెట్లు అక్కడివే, యుద్ధం మధ్యకొచ్చేసరికి విమాన టరెట్లు చేయడంలో ప్రపంచంలోనే పెద్ద కంపెనీ అయింది. ఈ యుద్ధం కాంట్రాక్టుల్లో తినేవాళ్ళని పట్టుకోడానికి సెనేట్‌లో ఒక కమిటీ ఉండేది, దాని పెద్ద మిస్సోరి సెనేటరు హ్యారీ ట్రూమన్. ఆయనా మాజీ సైనికుడే, ఆయనా వ్యాపారం చేసినవాడే, కాకపోతే కాన్సాస్ సిటీలో పెట్టిన బట్టల కొట్టు నష్టాలొచ్చి మూతపడింది. ఆ కమిటీ ఎమర్సన్ వైపు కూడా చూసింది. అంతా అయ్యాక 1945లో ట్రూమన్ ప్రెసిడెంటు అయిన కొద్ది నెలలకే సిమింగ్టన్‌ని వాషింగ్టన్ పిలిపించుకున్నాడు.

పిలిచింది చెత్త పనికి. యుద్ధం అయ్యాక మిగిలిన సామాను అమ్మే పని, టెంట్ల నుంచి మొత్తం ఫ్యాక్టరీల దాకా. ఇందులో నాకు బాగా నచ్చేది అల్యూమినియం కథ. యుద్ధానికి ముందు అమెరికాలో అల్యూమినియం అంటే ఆల్కోవా ఒక్కటే, ఇంకెవడూ లేడు. యుద్ధంలో ప్రభుత్వం సొంత డబ్బుతో ప్లాంట్లు కట్టింది, చాలావరకు ఆల్కోవానే నడిపింది, ఇప్పుడు అమ్మాలంటే నడపడం తెలిసినవాడికే అమ్మాలి, తెలిసినవాడు ఆల్కోవానే, పైగా పేటెంట్లు కూడా దాని చేతిలోనే. మామూలు ఆఫీసరైతే ఆల్కోవాకే ఇచ్చేసి చేతులు దులుపుకునేవాడు. సిమింగ్టన్ ఒత్తిడి తెచ్చి పేటెంట్లు రాయల్టీ లేకుండా వదిలించాడు, ప్లాంట్లు రేనాల్డ్స్, కైజర్ కంపెనీలకి వెళ్ళాయి. వ్యాపారి అయ్యుండి గుత్తాధిపత్యాన్ని పగలగొట్టాడు, వ్యాపారి కాబట్టే ఆ పేటెంటు దగ్గర అసలు తాళం ఉందని కనిపెట్టాడు.

1947 సెప్టెంబరులో అమెరికా ఎయిర్ ఫోర్స్ సైన్యం నుంచి విడిపడి వేరే దళమైంది, దానికి మొదటి సెక్రటరీ ఈయనే. బెర్లిన్‌ని సోవియట్లు దిగ్బంధం చేస్తే బొగ్గూ పిండీ విమానాల్లో మోసింది ఈయన హయాంలోనే. నల్లజాతి వాళ్ళని వేరు యూనిట్లలో పెట్టే పద్ధతి పోవాలని ట్రూమన్ 1948 జూలైలో ఆర్డరిచ్చాడు, ఆర్మీ ఏళ్ళ తరబడి నసిగింది, ఎయిర్ ఫోర్స్ మాత్రం 1949లోనే నల్లవాళ్ళ ప్రత్యేక ఫైటర్ వింగ్‌ని రద్దుచేసి అందర్నీ కలపడం మొదలెట్టింది. అదే ఏడాది బి-36 బాంబర్ గొడవ. దాన్ని తయారుచేసే కన్వేర్ కంపెనీకి లాభం చేయడానికే సిమింగ్టన్ ఆ బాంబర్ కొనిపించాడని సంతకం లేని కాగితం ఒకటి చేతులు మారింది, కాంగ్రెస్ విచారణ పెట్టింది, తీరా చూస్తే రాసింది నేవీ ఆఫీసులో పనిచేసే సివిల్ ఉద్యోగి, ఆరోపణల్లో పస లేదని తేలింది. కన్వేర్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. 1950లో ఎయిర్ ఫోర్స్ బడ్జెట్ కోస్తున్నారని కుర్చీ వదిలేశాడు.

మధ్యలో ఇంకో రెండు ఆఫీసులు చేశాడు, అవి వదిలేస్తా. 1952లో సెనేట్‌కి నిలబడ్డాడు. చిత్రం ఏంటంటే డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ట్రూమన్ బలపరిచింది ఈయన్ని కాదు, రాష్ట్ర అటార్నీ జనరల్ టేలర్‌ని. అయినా గెలిచాడు, నవంబరులో రిపబ్లికన్ సెనేటరు కెమ్‌ని కూడా ఓడించాడు, అదీ అదే మిస్సోరిలో అదే రోజు ప్రెసిడెంటు ఓటు ఐసెన్‌హోవర్‌కి పడుతుంటే.

వెళ్ళీ వెళ్ళగానే సెనేటరు మెకార్థీ కమిటీలో పడ్డాడు, కమ్యూనిస్టుల్ని ఏరేస్తానని ఊరేగిన మనిషి. ఎవర్ని చూసినా కమ్యూనిస్టు అనే రోజులవి. 1954 మార్చిలో ఆనీ లీ మాస్ అనే నల్లజాతి ఆవిణ్ణి నిలబెట్టారు, పెంటగాన్‌లో కమ్యూనికేషన్స్ విభాగంలో చిన్న ఉద్యోగి. ఆవిడ మీద సాక్ష్యం ఎవరిదంటే ఎదురుగా లేని మనిషిది. సిమింగ్టన్ ఆవిణ్ణి సూటిగా నాలుగు ప్రశ్నలడిగి, నువ్వు చెప్పేది నిజమని నేను నమ్ముతున్నా, నీ ఉద్యోగం తిరిగి ఇవ్వకపోతే నా దగ్గరికి రా, నేను ఇప్పిస్తా అన్నాడు. హాల్లో చప్పట్లు. మెకార్థీ తర్వాత ఈయనకి "సాంక్టిమోనియస్ స్టూ" అని పేరు పెట్టాడు, నీతులు వల్లించే స్టూ అని వెక్కిరింపు. నాకిక్కడ సెంట్నరే గుర్తొస్తాడు, అదే పద్ధతి, అందరూ వేలు చూపిస్తున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని సొంతంగా అడిగి తేల్చుకోవడం.

పిల్లలు "గొప్పోడు సార్" అనేది ఇక్కడిదాకా చదివి. అసలు కేసు ఇప్పుడు మొదలు.

1957లో సోవియట్లు స్పుత్నిక్ వదిలారు, అమెరికా బెదిరిపోయింది. ఖండాంతర క్షిపణుల్లో మనం వెనకబడ్డాం అనే అరుపు మొదలైంది, దానికి మిసైల్ గ్యాప్ అని పేరు, ఆ అరుపులో అందరికన్నా పెద్ద గొంతు సిమింగ్టన్‌ది. 1958లో ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్‌ని కలిసి మీ సీఐఏ చెప్పే లెక్క తక్కువ, అసలు లెక్క వేరు అన్నాడు. 1959కి వచ్చేసరికి కొన్నేళ్ళలో సోవియట్ల దగ్గర 3,000 క్షిపణులు ఉంటాయని పబ్లిగ్గా చెప్పాడు. ఐసెన్‌హోవర్‌కి తెలుసు అది నిజం కాదని, యూ-2 గూఢచారి విమానాలు రష్యా మీద తిరిగి ఫొటోలు తెస్తున్నాయి, కానీ ఆ సంగతి నోరు తెరిచి చెప్పలేడు. 1961లో శాటిలైట్ ఫొటోలు వచ్చాక సెప్టెంబరులో నిఘా వర్గాలు వేసిన అంచనా ఎంతో తెలుసా, 10 నుంచి 25. మూడు వేలెక్కడ, పాతికెక్కడ.

మరి ఆయనకి ఆ లెక్క ఎవరిచ్చారు? టామ్ లాన్‌ఫియర్ అని, రెండో యుద్ధంలో పేరున్న ఫైటర్ పైలట్, ఎయిర్ ఫోర్స్ సెక్రటరీగా ఉన్నప్పుడు సిమింగ్టన్ దగ్గరే సహాయకుడు. ఇప్పుడెక్కడున్నాడు? కన్వేర్‌లో వైస్ ప్రెసిడెంటు. కన్వేర్ ఏం చేస్తోంది? అట్లాస్, అమెరికా మొదటి ఖండాంతర క్షిపణి. అంటే సరుకు అమ్మేవాడే కొరత ఎంతుందో లెక్క రాసిచ్చాడన్నమాట. లాన్‌ఫియర్ కావాలని అబద్ధం చెప్పాడని నేననను, మనస్ఫూర్తిగా నమ్మే చెప్పుంటాడు, అదే ఇంకా ప్రమాదం. నా అనుభవంలో దొంగ లెక్క ఇచ్చే సప్లయరుని పట్టుకోవడం తేలిక, తన లెక్కని తానే నమ్మేసిన సప్లయరుని పట్టుకోవడం కష్టం, వాడి కళ్ళల్లో తడబాటే ఉండదు.

ఎమర్సన్‌లో ఈ తప్పు ఎందుకు జరగలేదు, ఇక్కడెందుకు జరిగింది అన్నదే నేను పిల్లల్ని రాయమనే ప్రశ్న. నా జవాబు ఇది. ఎమర్సన్‌లో ఆయన కింద షాపులోకి దిగి సరుకు చేత్తో పట్టుకుని చూడగలడు, ఎదురు మాట చెప్పడానికి సెంట్నర్ లాంటివాడు బల్లకి అవతల కూర్చునేవాడు. క్షిపణుల విషయంలో ఆయన వెళ్ళి చూసే గోడౌను లేదు, అది సైబీరియాలో ఎక్కడో ఉంది. అవతల కూర్చున్నవాడు పాత దోస్తు. పైగా తను పెట్టి పెంచిన దళం ఎయిర్ ఫోర్స్, దానికి ఎక్కువ కావాలి అనే మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. ఇంకోటి కూడా కలపాలి, 1960లో ప్రెసిడెంటు పదవికి నిలబడాలని చూస్తున్నాడు. ఈసారి ట్రూమన్ ఆయన వైపే ఉన్నాడు, అయినా టికెట్ కెనడీకి వెళ్ళింది, ఉపాధ్యక్షుడి చోటు దాదాపు చేతిదాకా వచ్చి జాన్సన్‌కి పోయింది. ఎన్నికల ముందు కనిపించే కొరత ఎప్పుడూ కొంచెం పెద్దగానే కనిపిస్తుంది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఈ ఫైలు నేను వాడేవాణ్ణి కాదు. సెనేట్‌లో ఆర్మ్‌డ్ సర్వీసెస్ కమిటీ, ఫారిన్ రిలేషన్స్ కమిటీ రెండింట్లోనూ కూర్చునే అరుదైన చోటు ఈయనకి దొరికింది, అంటే తుపాకీ బిల్లూ, ఆ తుపాకీ ఎక్కడ పేలుతోందో ఆ సంగతీ రెండూ ఒకే బల్ల మీద. వియత్నాం యుద్ధాన్ని మొదట్లో గట్టిగా సమర్థించాడు, బాంబులు ఇంకా వేయండి అన్నాడు. చాలాసార్లు స్వయంగా వెళ్ళొచ్చాడు. 1967కల్లా మాట మారింది. నైతికత కన్నా ముందు ఆయన్ని కదిలించింది లెక్కే అని నాకనిపిస్తుంది, డాలరు బయటికి పోతోంది, బంగారం తరుగుతోంది, వచ్చే ఫలితం కనబడట్లేదు. నష్టం వచ్చే యూనిట్‌ని ఎంతకాలం నడుపుతాం అనే పాత బుర్ర మళ్ళీ పనిచేయడం మొదలైంది. 1969లో క్షిపణుల్ని కూల్చే కొత్త వ్యవస్థకి డబ్బు అడిగితే ఇంతవరకు మొదలెట్టి పనికిరాక పారేసిన క్షిపణుల జాబితా తీసి సెనేట్ ముందు పెట్టాడు, అన్నీ కలిపితే 2,000 కోట్ల డాలర్లకు పైగా. పదేళ్ళ కిందట మూడు వేల లెక్క చెప్పిన మనిషే ఇది కూడా చదివాడు.

అదే ఏడాది నుంచి ఒక ఉప కమిటీ పెట్టుకుని విదేశాల్లో అమెరికా ఎవరెవరికి ఏమేం మాటిచ్చిందో తవ్వాడు, లావోస్‌లో జనానికి తెలియకుండా నడుస్తున్న యుద్ధం అలా బయటపడింది. ఇక్కడ ఒక చురక ఉంది, దాన్ని దాచను. లావోస్‌కి ఆయన అంతకుముందే వెళ్ళాడు, సీఐఏ వాళ్ళు అక్కడి సంగతులు చెప్పారు కూడా, అందుకే తర్వాత ఆశ్చర్యపోయినట్టు మాట్లాడితే వాళ్ళకి ఒళ్ళు మండింది. ఆడిటర్ అన్నీ చూసి సంతకం పెట్టి రెండేళ్ళ తర్వాత "అయ్యో ఇలా జరిగిందా" అన్నట్టుంది. అయినా బయటపెట్టాడు, అది కూడా రాసుకోవాలి.

మన ఉపఖండానికి తగిలే ముక్క చివర్లో ఉంది. 1974 మేలో ఇండియా పోఖ్రాన్‌లో అణు పరీక్ష చేశాక అమెరికాలో కంగారు పెరిగింది. 1976లో సిమింగ్టన్ ఒక సవరణ తెచ్చాడు, అంతర్జాతీయ తనిఖీకి ఒప్పుకోకుండా యురేనియం శుద్ధి చేసే సామగ్రి కొన్నా అమ్మినా ఆ దేశానికి అమెరికా సాయం బంద్. చాలామంది ఇది ఇండియా కోసమే అనుకుంటారు, కానీ మన బాంబు ప్లుటోనియంతో చేసింది, ఆ దారి మూసే సవరణ మరుసటి ఏడాది ఇంకో సెనేటరు గ్లెన్ పేరు మీద వచ్చింది. సిమింగ్టన్ సవరణ గట్టిగా తగిలింది పాకిస్తాన్‌కి, కహుటాలో యురేనియం ప్లాంటు కడుతున్నారని తెలిసి 1979 ఏప్రిల్‌లో ప్రెసిడెంటు కార్టర్ సాయం ఆపేశాడు. ఆ డిసెంబరులోనే సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగింది, పాకిస్తాన్ అవసరం పడింది, 1981లో రీగన్ కాలంలో మినహాయింపు ఇచ్చి 320 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చారు. కహుటా ఆగలేదు. చట్టం రాసేవాడు మినహాయింపు క్లాజు ఎంత జాగ్రత్తగా చదవాలో నేను సెటిల్‌మెంట్ డ్రాఫ్ట్‌లు రాసేటప్పుడు ఈ కథే చెప్తుంటా.

1970లో ఆయన నాలుగోసారి గెలిచింది చావుతప్పి, జాన్ డాన్‌ఫోర్త్ అనే కుర్ర రిపబ్లికన్ మీద. 1976లో ఇక నిలబడనన్నాడు. కొడుకు జిమ్ కాంగ్రెస్ సభ్యుడు, డెమోక్రటిక్ ప్రైమరీలో పోటీచేసి ఓడిపోయాడు, గెలిచిన జెర్రీ లిటన్ అదే రాత్రి విమాన ప్రమాదంలో చనిపోయాడు, నవంబరులో సీటు డాన్‌ఫోర్త్‌కి వెళ్ళింది. సెనేట్‌లో ఎవరు ముందు చేరితే వాళ్ళకి సీనియారిటీ, కమిటీల్లో మంచి చోట్లు. సిమింగ్టన్ పదవీకాలం జనవరి 3 దాకా ఉంది, డిసెంబరు 27నే రాజీనామా ఇచ్చి చార్జ్ హ్యాండోవర్ చేసేశాడు, మిస్సోరికి కొత్తగా వచ్చే సెనేటరు మిగతా కొత్తవాళ్ళకన్నా ముందుంటాడని. ఆరేళ్ళ కిందట తన మీద పోటీ చేసినవాడే, అవతలి పార్టీవాడే.